పెద్ద బండి, మట్టి బాట: ఆదివారం మీటింగుకు ముందు కొంచెం చరిత్ర



ఎప్పటిలాగే ముందు ఒక మాట. మేము చదువుకున్నది అరవ మీడియం. తెలుగు ఇంట్లో అమ్మ దగ్గర విని, పెద్దయినాక సినిమా పోస్టర్లు కూడబలుక్కుని నేర్చుకున్నది. తప్పులుంటే దిద్దండి, కోపగించుకోవద్దండి. ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం. తీరిగ్గా చదవండి.

పోయిన నెల మన సంఘం పిలకాయలు ఏడుగురు మోటార్‌సైకిళ్ళ మీద చెన్నై నుంచి కోవిల్‌పట్టి దాకా పోయి, అక్కడి కరిసల్ పల్లెల్లో మన పూర్వీకుల ఊళ్ళు చూసి వచ్చినారు. వాళ్ళలో ఒకబ్బాయి మట్టి బాటలో బండితో సహా పడి, ఎడమ కాలు మడమ దగ్గర విరగ్గొట్టుకున్నాడు. ఇప్పుడు ఇంట్లో కట్టు కట్టుకుని ఉన్నాడు. దేవుని దయ, మళ్ళీ మామూలుగా నడుస్తాడని డాక్టరు చెప్పినారు. వచ్చే ఆదివారం కార్యవర్గం కూర్చుని, ఇకమీదట సంఘం పేరుతో ఇట్లాంటి బండి యాత్రలు ఉండాలా వద్దా అని తేలుస్తుంది. మాకు వచ్చిన ఫోన్లను బట్టి చూస్తే వద్దనేవాళ్ళే జాస్తి. పిలకాయలేమో "తాతలకు ఈ బండ్ల సంగతి ఏం తెలుసు" అంటున్నారు.

ఇద్దరి మాటలోనూ న్యాయముంది. కానీ ఈ పెద్ద బండ్లు ఎందుకు పుట్టినాయి, ఎట్లా పెరిగినాయి, దేనికి పనికొస్తాయి, దేనికి రావు అనేది తెలుసుకోకుండా చెయ్యెత్తి ఓటు వేయడం సరి కాదనిపించింది. అందుకే ఈ చరిత్ర. పైగా జరిగినదాంట్లో మా పాలు కూడా ఒకటుంది. అది ఆఖర్న చెప్తాం.

మేము పెద్ద బండి తోలినవాళ్ళం కాదు. మా ఇంట్లో ఉండింది ఒక టీవీఎస్ 50, అంతే. కానీ రైల్వేలో గుమాస్తాగా చేసిన యేండ్లలో సగానికి పైన పార్సెల్ ఆఫీసులోనే గడిచినాయి. సెంట్రల్ నుంచి, ఎగ్మూర్ నుంచి ఎన్ని మోటార్‌సైకిళ్ళు పంపినామో లెక్క లేదు. ట్రాన్స్‌ఫరయిన బ్యాంకు ఆఫీసరు బండి, పట్టాళం వాళ్ళ బండి, కాలేజీ పిలకాయల బండి. ఆర్సీ నకలు తీసుకోవాలి. ట్యాంకులో పెట్రోలు చుక్క లేకుండా దింపించాలి. హ్యాండిలుకు, లైటుకు, ట్యాంకుకు గడ్డి పెట్టి గోనెపట్ట చుట్టి కుట్టించాలి. ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్‌కు అని రాసిన చీటీ కట్టాలి. అప్పుడు పోర్టర్లు దాన్ని బ్రేక్ వ్యానులోకి ఎత్తుతారు.

ఆ ఎత్తడంలోనే మాకు బండి చదువు వచ్చింది. 100 సిసి బండినయితే ఇద్దరు మనుషులు నవ్వుతా మాట్లాడుకుంటా ఎక్కించేస్తారు. బుల్లెట్ వచ్చిందంటే నలుగురు కావాలి, మాటలు ఆగిపోతాయి. వేసవి మొదలవుతూనే జమ్మూతావికి, ఢిల్లీకి బుల్లెట్లు బుక్ చేసేవాళ్ళు వచ్చేవాళ్ళు. లడాఖ్ పోతున్నాం అనేవాళ్ళు. ఇంత బరువును ఆ కొండల్లో, ఆ రాళ్ళలో ఒక్క మనిషి ఎట్లా నిలబెడతాడు? పడితే ఎవరు లేపుతారు? ఇదే మాకు అప్పటినుంచీ ఉన్న ప్రశ్న.

ఇక చరిత్రకు వద్దాం.

మోటార్‌సైకిల్ పుట్టిన కొత్తలో తారు రోడ్డు బండి, మట్టి రోడ్డు బండి అని రెండు రకాలు లేవు. ఎందుకంటే తారు రోడ్డే అరుదు. ఇంగ్లండులో రెడిచ్ అనే ఊళ్ళో రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళు 1901లో మోటార్‌సైకిల్ చేయడం మొదలుపెట్టినప్పుడు ఊరు దాటితే ఉన్నది కంకర, దుమ్ము, బురద. ఏ బండి కొన్నా అది వీటన్నిటిలోనూ పోవాల్సిందే. బండి గట్టిదా కాదా అని చూడడానికి 1913లో ఇంగ్లండులోనే ఆరు రోజుల పరీక్ష ఒకటి మొదలయింది. ఆరు రోజులు రోడ్డూ కొండా కలిపి తోలాలి, చెడిపోతే తోలేవాడే బాగు చేసుకోవాలి.

1932లో బుల్లెట్ అనే పేరు వచ్చింది. ఆ కాలంలో చాలా బండ్లకు వెనక చక్రానికి స్ప్రింగు ఉండేది కాదు, సీటు కిందనే స్ప్రింగు. గుంతలో పడితే ఆ దెబ్బ నేరుగా నడుముకే. యుద్ధం అయిపోయినాక వెనక చక్రానికి ఊగే చట్రం, షాక్ అబ్జర్బర్లు పెట్టి కొత్త బుల్లెట్ చేసినారు. 1948లో ఇటలీలో జరిగిన ఆరు రోజుల పోటీకి వాటిని పంపినారు. గెలిచిన బ్రిటన్ జట్టులో ఆ బుల్లెట్లు ఉండినాయి. అంటే ఈరోజు మన పిలకాయలు కొత్తదనుకుంటున్న సంగతి, చక్రం ఎంత బాగా కిందికీ మీదికీ ఆడితే మట్టిలో అంత పట్టు అనేది, అప్పటికే రుజువయింది.

యుద్ధ కాలంలోనే ఇంకో ముచ్చట ఉంది. అదే కంపెనీ 125 సిసి బండి ఒకటి చేసింది. దాన్ని ఫ్లయింగ్ ఫ్లీ అనేవాళ్ళు, అంటే ఎగిరే చిన్న పురుగు అనుకోండి. బరువు 60 కిలోల లోపు. ఇనప చట్రంలో పెట్టి, పారాచూట్ కట్టి, విమానం నుంచి కిందికి వదిలేవాళ్ళు. అది కూడా పార్సెలే. ఎందుకంత చిన్నది చేసినారు? గుంతలో పడితే సిపాయి ఒక్కడే ఎత్తుకుని పోగలగాలి అని. ఈ 60 కిలోల లెక్క మనసులో పెట్టుకోండి, మళ్ళీ వస్తాం.

ఇప్పుడు మన మద్రాసు. 1950ల్లో సరిహద్దుల్లో గస్తీకి మన పట్టాళానికి గట్టి బండి కావాల్సి వచ్చింది. రోడ్డు లేని చోట పోవాలి, చెడిపోతే సుత్తీ స్పానరుతో బాగయిపోవాలి. బుల్లెట్ 350 అందుకు సరిపోయింది. 1955లో రెడిచ్ కంపెనీ, మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టినారు. తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ లేచింది. మొదట్లో ఇంగ్లండు నుంచి విడి భాగాలు ఓడలో వస్తే ఇక్కడ బిగించేవాళ్ళు. 1962కల్లా భాగాలన్నీ ఇక్కడే చేయడం వచ్చేసింది. ఆ తర్వాత విచిత్రం జరిగింది. 1967లో రెడిచ్ ఫ్యాక్టరీ మూతపడింది, 1970లో ఇంగ్లండులో ఆ పేరుతో బండి చేయడమే ఆగిపోయింది. తల్లి పోయింది, తిరువొత్తియూరులో పిల్ల బతికింది. 1977లో ఆ పిల్లే తిరిగి ఇంగ్లండుకు ఎగుమతి అయింది.

మన సంఘం పాత సభ్యుల్లో ఆ ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళున్నారు. ట్యాంకు మీద బంగారు గీత చేత్తో వేయడం వాళ్ళు చెప్పగా మీరూ విని ఉంటారు. కాబట్టి "ఇదంతా దొరల సరదా, మనకెందుకు" అనే మాట మనకు చెల్లదు. ఈ చరిత్రలో సగం మన ఇంటి పక్కనే జరిగింది.

మనదగ్గర బుల్లెట్ మారకుండా ఉండగా, యూరప్‌లో, జపాన్‌లో లోకం రెండుగా చీలింది. తారు రోడ్లు జాస్తి అయినాయి. తారు మీద వేగంగా పోయేదానికి పెద్ద ఇంజిను, తక్కువ ఎత్తు, నున్నటి టైరు కావాలి. మట్టిలో పోయేదానికి చిన్న బరువు, పొడుగు సస్పెన్షన్, గడ్డల టైరు, ముందర పెద్ద చక్రం కావాలి. రెండూ ఒకదానికొకటి ఎదురు. కొనేవాళ్ళూ రెండు జాతులైపోయినారు.

ఆ రెంటినీ మళ్ళీ కలిపింది ఎడారి. తియరీ సబీన్ అనే ఫ్రెంచి ఆయన 1977లో ఒక రేసులో మోటార్‌సైకిల్‌తో సహారా ఎడారిలో దారి తప్పినాడు. చావు దాకా పోయి బయటపడినాడు. ఇంకొకడయితే ఆ దిక్కుకే మళ్ళీ చూడడు. ఈయన పారిస్ నుంచి ఆఫ్రికాలో డాకర్ దాకా ఒక పోటీ పెట్టినాడు. 1978 డిసెంబర్ 26న పారిస్‌లో బయలుదేరినారు, 1979 జనవరి 14న డాకర్ చేరినారు. దాదాపు 10,000 కిలోమీటర్లు. ఫ్రాన్సులో తారు రోడ్డు, ఆ తర్వాత రాళ్ళు, ఇసుక. సిరిల్ నెవూ అనే పిలగాడు యమహా ఎక్స్‌టి 500 మీద మొదట వచ్చినాడు. ఒకటే సిలిండరు, 150 కిలోల చుట్టుపక్కల బండి. ఆ మొదటి ఏడే ఒక మోటార్‌సైకిల్ రైడరు ప్రాణం కూడా పోయింది. సబీన్ కూడా 1986లో అదే పోటీ జరుగుతుండగా హెలికాప్టర్ కూలి పోయినాడు. సరదా వెనక ఈ లెక్క కూడా ఉంది, దాచడం లేదు.

1980లో జర్మనీ బీఎండబ్ల్యూ వాళ్ళు ఆర్ 80 జీ/ఎస్ అనే బండి తెచ్చినారు. జీ అంటే వాళ్ళ భాషలో బయలు నేల, ఎస్ అంటే రోడ్డు. పేరులోనే రెండూ పెట్టేసినారు. 800 సిసి, రెండు సిలిండర్లు చెరో పక్కకు చేతులు చాచినట్టు, 50 హార్స్ పవర్. మట్టికి కూడా అని చెప్పి అంత పెద్ద ఇంజిను అంతకుముందు ఎవరూ అమ్మలేదు. ట్యాంకు నింపితే 186 కిలోలు. ముందర 21 అంగుళాల పెద్ద చక్రం, రాయి మీద గుంత మీద ఎక్కి దిగడానికి. ముందరి మడ్‌గార్డు చక్రానికి బాగా మీద, బురద ఇరుక్కోకుండా. ఈ మడ్‌గార్డు సంగతి కూడా గుర్తు పెట్టుకోండి. ఈరోజు పెద్ద అడ్వెంచర్ బండ్లని అమ్మేవాటన్నిటికీ మూలపురుషుడు ఇదే. 1981లో, 1983లో యూబేర్ ఓరియోల్ ఆ కంపెనీ బండి మీద డాకర్ గెలిచినాడు.

1984లో, 1985లో గెలిచింది గాస్టన్ రహియే. బెల్జియం ఆయన. పొట్టి మనిషి. ఆ పోటీ బండి మీద కూర్చుంటే కాలు నేలకు అందదు. కానీ అంతకుముందు 125 సిసి మోటోక్రాస్‌లో మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్. చిన్న బండి మీద మట్టిని బాగా చదువుకుని, ఆ తర్వాత పెద్ద బండి ఎక్కినాడు. మన పిలకాయలు ఈ వరస గమనించాలి. ముందు చిన్నది, తర్వాత పెద్దది.

అదే 1980లో మన హోసూరులో ఇంకో బండి పుట్టింది. టీవీఎస్ 50. ఇద్దరు కూర్చునే మోపెడ్, మా ఇంట్లో ఉండిందని చెప్పినామే, అదే. జర్మనీ బండి ఎడారికి పోయింది, హోసూరు బండి పల్లెకు పోయింది. పాల క్యాను, గడ్డి మోపు, ఎరువు మూట, పెళ్ళాం, పిల్లకాయలు. తమిళనాడు మట్టి బాటలను నిజంగా గెలిచిన బండి ఏదంటే మేము దాన్నే చెప్తాం. ఎవరూ దానికి అడ్వెంచర్ అని పేరు పెట్టలేదు, అంతే తేడా.

ఆ తర్వాత పెద్ద బండికి ఏమయిందంటే, లావెక్కింది. పారిస్ డాకర్ పేరుతో 32 లీటర్ల ట్యాంకు పెట్టి అమ్మినారు. 32 లీటర్లంటే ఒక్క పెట్రోలే 23, 24 కిలోలు, అదీ బండికి పైభాగాన. కొన్నవాళ్ళలో చాలామంది ఎడారికి పోలేదు, తారు రోడ్డు మీదనే ఊళ్ళు తిరిగినారు. వాళ్ళకు గాలి అడ్డం కావాలి, సామాను పెట్టెలు కావాలి, ఇంకా పెద్ద ఇంజిను కావాలి. కంపెనీలు ఇచ్చినాయి. అదే వంశంలో వచ్చిన ఆర్ 1250 జీఎస్ బరువు 249 కిలోలు. 186 నుంచి 249. పెట్టెలు, మనిషి కలిస్తే 350 దాటిపోతుంది. తారు మీద ఆ బరువు హాయి, ఎదురుగాలికి కదలదు. మట్టిలో అదే బరువు మన మీదకు వస్తుంది.

దీనికి మంచి ఉదాహరణ ఒకటి టీవీలోనే వచ్చింది. 2004లో ఇవాన్ మెక్‌గ్రెగర్, చార్లీ బూర్మన్ అనే ఇద్దరు నటులు లండన్ నుంచి తూర్పుగా న్యూయార్క్ దాకా బీఎండబ్ల్యూ ఆర్ 1150 జీఎస్ బండ్లలో పోయినారు. లాంగ్ వే రౌండ్ అని ఆ ప్రయాణం వచ్చింది. మంగోలియాలో రోడ్డు లేదు, వాన, బురద. బండ్లు పడతా లేస్తా పోయినాయి. వాళ్ళ కెమెరామన్ బండి చట్రమే విరిగింది. దాన్ని సామాను కింద పంపించేసి, అక్కడే దొరికిన రష్యా బండి ఇజ్ ప్లానెటా ఒకటి కొనుక్కుని ఆయన ప్రయాణం సాగించినాడు. పాత మోడలు, చౌక బండి. అది కూడా మధ్యలో మొరాయించింది, కానీ బురదలో దాన్ని తోలడం, పడితే లేపడం పెద్ద బండి కంటే సులువైంది. ఆ చిత్రం చూసి ప్రపంచంలో ఎంతమందో పెద్ద జీఎస్ కొన్నారు. ఆ చిన్న రష్యా బండి చెప్పిన పాఠం మాత్రం అంతగా ఎవరూ పట్టించుకోలేదు.

పోటీలవాళ్ళకు మాత్రం అర్థమయింది. డాకర్‌లో వేగం, ప్రమాదం తగ్గించడానికి 2011 నుంచి మోటార్‌సైకిల్ 450 సిసి దాటకూడదని కట్టడి పెట్టినారు. ఆ పోటీని 2015లో పూర్తి చేసిన మొదటి భారతీయుడు బెంగళూరు సి.ఎస్. సంతోష్. అంత నేర్చినవాడు కూడా 2021లో సౌదీ అరేబియాలో పడి, తలకు దెబ్బ తగిలి, ఆస్పత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు. తర్వాత కోలుకున్నాడు. మట్టి ఎవరి పేరూ అడగదు.

మన చెన్నైకి తిరిగి వద్దాం. 1994లో ఐషర్ వాళ్ళు ఎన్‌ఫీల్డ్‌ను పూర్తిగా తీసుకున్నారు. 2013లో ఒరగడంలో కొత్త ఫ్యాక్టరీ వచ్చింది. 2016లో హిమాలయన్ అని బండి విడుదలయింది. 411 సిసి, 24.5 హార్స్ పవర్, ముందర 21 అంగుళాల చక్రం, నేలకూ బండి పొట్టకూ మధ్య 220 మిల్లీమీటర్లు. మా పార్సెల్ ఆఫీసుకు వచ్చే బుల్లెట్ల మీద లడాఖ్ పోయినవాళ్ళు తమ బండ్లకు సొంతంగా ఏమేం మార్పులు చేసుకునేవాళ్ళో, వాటిలో చాలా ఇందులో కంపెనీయే పెట్టింది. 2023లో 452 సిసితో, 40 హార్స్ పవర్‌తో రెండోది వచ్చింది. బరువు 196 కిలోలు. మన హోసూరులోనేమో టీవీఎస్ ఫ్యాక్టరీలో బీఎండబ్ల్యూ జీ 310 జీఎస్ తయారయింది, 313 సిసి. ఆ ఎడారి బండికి చిన్న తమ్ముడు హోసూరులో పుట్టి విదేశాలకు పోయినాడు.

ఇంత చరిత్రలో మాకు కనిపించింది ఒకటే. రెండు నేలల మీదా పోయే బండి అంటే రెండిట్లోనూ మొనగాడు అని కాదు. రెండిట్లోనూ కొంచెం సర్దుకునేది. ఆ సర్దుబాటులో మిగిలిన భాగం తోలేవాడు నింపాలి. మన పిలకాయలను కూర్చోబెట్టి అడిగి రాసుకున్నది ఇక్కడ చెప్తాం, పెద్దలకు తెలియడానికి.

తారు మీద వంపులో బండితో పాటు మనిషీ వంగుతాడు. మట్టిలో అట్లా వంగితే టైరు జారిపోతుంది. అక్కడ బండిని కింద వంచి మనిషి నిటారుగా ఉండాలి. గతుకుల్లో ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి తోలతారు. అది షోకు కాదు. మనిషి బరువు సీటు మీద నుంచి కాలి కిందికి దిగుతుంది, మోకాళ్ళు స్ప్రింగుల మాదిరి పనిచేస్తాయి, కింద బండి దానంతటది ఆడుతుంది. హ్యాండిలు గట్టిగా పట్టుకుంటే ప్రతి రాయీ చేతిని తిప్పేస్తుంది, మెత్తగా పట్టుకోవాలి. టైరులో గాలి కొంచెం తగ్గిస్తే నేల మీద పట్టు పెరుగుతుంది, మళ్ళీ తారు ఎక్కే ముందు నింపుకోవాలి. లేకపోతే వేగంలో టైరు వేడెక్కి చెడుతుంది. ఏబీఎస్ ఉంది. తారు మీద అది ప్రాణం కాపాడుతుంది. వదులు కంకరలో చక్రం బిగుసుకోనివ్వదు కాబట్టి బండి ఆగడానికి ఇంకా దూరం పడుతుంది. అందుకే కొన్ని బండ్లలో వెనక చక్రానికి దాన్ని ఆపే స్విచ్చు ఇస్తారు. ఆపినవాడు తారు ఎక్కగానే మళ్ళీ వేసుకోవాలి. అన్నిటికంటే కష్టం ఆ మారే చోటే అంటారు వాళ్ళు. 80లో వస్తా ఉండి తారు అయిపోయి మట్టి మొదలయ్యే ఆ నాలుగు గజాలు.

ఇదంతా వాళ్ళకు తెలుసు. మరి ఆ అబ్బాయి ఎందుకు పడినాడు?

కరిసల్ నేల సంగతి మీకు చెప్పక్కరలేదు. మన తాతముత్తాతలు ఉత్తరాన్నుంచి వచ్చి దున్నుకున్న నల్లరేగడి. ఇడైసెవల్ ఊరి కి. రాజనారాయణన్ గారు మన తెలుగువాళ్ళ ఆ వలస మీద గోపల్ల గ్రామం అని అరవంలో నవల రాసినారు. మేము ఎస్సెస్సెల్సీ తర్వాత చదివి, మన ఇంటి కథ అరవంలో అచ్చులో చూసి ఏడ్చినవాళ్ళం. ఆ నల్ల మట్టి ఎండలో నెర్రెలిస్తుంది, చక్రం నెర్రెలో పడితే అది పోయే దిక్కుకే పోవాలి. వాన పడితే బంక. కాలికి అంటుకుంటే చెప్పు వదిలేసి రావాలి. చక్రానికి అంటుకుంటే చుట్టూ తిరిగి మడ్‌గార్డు కింద గడ్డ కట్టి చక్రాన్ని బిగించేస్తుంది. జర్మనీవాడు మడ్‌గార్డును అంత మీద ఎందుకు పెట్టినాడో ఇక్కడ తెలుస్తుంది.

చెన్నై నుంచి కోవిల్‌పట్టి దాకా 550 కిలోమీటర్లు మంచి నాలుగు వరసల రోడ్డు. దాన్ని పిలకాయలు హాయిగా దాటినారు. పల్లెలకు కూడా ఇప్పుడు తారు ఉంది, 2000లో మొదలయిన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన తర్వాత చాలా ఊళ్ళకు పడింది. మా అమ్మగారి ఊరికీ ఉంది, కొంచెం చుట్టు. కానీ వాళ్ళు పోయింది పాత బండిబాటన, చెరువు కట్ట పక్కగా. ముందు రోజు రాత్రి ఐప్పసి వాన పడింది. ఇరవై గజాలు పోయేసరికి ముందరి చక్రం బిగుసుకుపోయింది. సామాను పెట్టెలతో సహా బండి ఎడమకు ఒరిగింది. అబ్బాయి కాలు కింద పెట్టి ఆపబోయినాడు. అంత బరువును కాలు ఆపగలదా? మిగిలినవాళ్ళు ఆ బురదలో నడిచి వచ్చి బండిని లేపేదానికి నలుగురు కావాల్సి వచ్చింది. మా పోర్టర్ల లెక్కే. ఆ సమయానికి ఊరి రైతు ఒకాయన టీవీఎస్ ఎక్సెల్ మీద కట్ట చివరన గడ్డి మీదుగా మెల్లగా వచ్చి, అబ్బాయిని వెనక కూర్చోబెట్టుకుని తారు రోడ్డు దాకా చేర్చినాడు. ఆయన బండి 90 కిలోల చుట్టూ ఉంటుంది.

ఆ రాత్రి అబ్బాయి తల్లి మాకు ఫోన్ చేసి అడిగింది, "అన్నా, తారు రోడ్డు ఉండగా ఆ బాటన పొమ్మని వీళ్ళకు ఎవరు చెప్పినారు?" అని. మేము "ఏమోమ్మా, కనుక్కుంటాం" అన్నాం.

చెప్పింది మేమే. బయలుదేరే ముందు రోజు పిలకాయలు ఇంటికి వస్తే కాగితం మీద గీసి మరీ చెప్పినాం. మా అమ్మ కాపురానికి వచ్చినప్పుడు ఎద్దుల బండి ఆ బాటనే వచ్చింది, చెరువు కట్ట మీద వేపచెట్టు ఉంటుంది, ఫోటో తీసుకుని రండి అన్నాం. ఐప్పసి నెల అని గుర్తులేదా? ఉంది. కరిసల్ మట్టి తెలియదా? తెలుసు. ఆ చెట్టు చూడాలనే ఆశతో నోరు మూసుకున్నాం. అబ్బాయి ఇంతవరకు మా పేరు ఇంట్లో కూడా చెప్పలేదు. అది వాడి మంచితనం. మేము ఇంకా దాని వెనక దాక్కోవడం బాగుండదు. అమ్మా, ఈ పోస్టు నువ్వు చదువుతావని తెలుసు. తప్పు మాది. నిన్న ఇంటికి వచ్చి చెప్పాలనుకుని గేటు దాకా వచ్చి వెనక్కు పోయినాం. రేపు వస్తాం.

కాబట్టి ఆదివారం ఓటు వేసే ముందు పెద్దలకు మా విన్నపం. పిలకాయల దుడుకుతనం అని తీర్పు రాసేయకండి. వాళ్ళు దారి అడిగినారు, పెద్దవాడు తప్పు దారి చెప్పినాడు. యాత్ర ఆపేస్తే ఆ ఊళ్ళకు పోయేవాళ్ళు ఎవరు? మనం కారులో పోయి గుడి చూసి, రెండు గంటల్లో తిరిగి వస్తాం. ఈ ఏడుగురు పల్లెల్లో రాత్రి ఉండి, ముసలివాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళ తెలుగు మాటలు ఫోనులో రికార్డు చేసుకుని వచ్చినారు. మనవాళ్ళ ఇళ్ళల్లో తెలుగు ఆగిపోతున్న ఈ కాలంలో ఆ పని చేసేవాళ్ళు ఇంకెవరున్నారో చెప్పండి.

ఆపొద్దు, కానీ కట్టడి పెట్టండి. పెద్ద బండ్లు తారు దాకానే. పల్లె లోపలి బాటలకు అక్కడివాళ్ళ చిన్న బండ్లు, లేదా కాళ్ళు. ఐప్పసి, కార్తీక నెలల్లో కరిసల్ వైపు యాత్ర వద్దు, తై నెల తర్వాత పెట్టుకోండి. సామాను పెట్టెలు మట్టిలోకి దిగే ముందు విప్పాలి, వెనక మనిషిని కూర్చోబెట్టుకోకూడదు. హెల్మెట్‌తో పాటు మడమ పైదాకా వచ్చే గట్టి బూట్లు లేనివాడికి పేరు రాయొద్దు. పడుకోబెట్టిన తన బండిని తానొక్కడే లేపి చూపించినవాడినే మట్టిలోకి పంపండి. లేపలేకపోతే అది అవమానం కాదు, అది వాడికి సరిపడే బండి కాదు, అంతే. కావాలంటే బండ్లను కోవిల్‌పట్టి దాకా నెల్లై ఎక్స్‌ప్రెస్‌లో పార్సెల్ వేసుకోవచ్చు, ఫారాలు మేము నింపిపెడతాం. పెట్రోలు మాత్రం దింపించాలి.

ఇంకొకటి. దారి చెప్పే పెద్దవాళ్ళు కూడా ఒక కట్టడికి ఒప్పుకోవాలి. మనం చూసి యేండ్లయిన బాటను నిన్న చూసినట్టు చెప్పకూడదు.

ఆ వేపచెట్టు ఫోటో వచ్చింది. మిగిలినవాళ్ళు తిరిగి వచ్చేటప్పుడు నడుచుకుంటా పోయి తీసినారట. చెట్టు లేదు. కట్ట మీద మొద్దు ఉంది. ఆదివారం ఆ ఫోటో తెస్తాం.

నమస్కారాలతో.